స్టేషనుకి దూరంగా ఓ గది

ప్రియమైన సర్వేయరు గారికి,

క్షేమంగా చేరాను. చేరాను అంటే మనిషి చేరింది, నడుము ఇంకా దారిలోనే ఉంది. రైలు దిగి నేరుగా డ్యూటీకి వెళ్తే వార్డులో ఆయమ్మ నా మొహం చూసి, సెలవుకెళ్ళొచ్చావా సంతకెళ్ళొచ్చావా అని అడిగింది. మొగుణ్ణి చూసొచ్చానంటే నమ్మేలా లేదని ఊరుకున్నాను.

మొన్నటి హోటల్ గురించి కాస్త మాట్లాడుకోవాలి. నేలలు కొలిచి జీతం తెచ్చుకునే మనిషి "స్టేషనుకి దగ్గరే" అని రాస్తే నమ్మకుండా ఎలా ఉంటాను? బస్సు ఎక్కి, దిగి, ఇంకో బస్సు కోసం కాళ్ళు పీకేదాకా నిలబడి, అది ఎక్కి, దిగి, సైకిల్ షాపు వాణ్ణి దారి అడిగితే వాడు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, అక్కడ హోటల్ ఉన్నట్టు తనకే తెలీదన్నాడు. గదిలో కుళాయి తిప్పితే ముందు గాలొచ్చింది, తర్వాత తుప్పొచ్చింది, మీరు ఓపిక పట్టమన్నాక నీళ్ళొచ్చాయి.

అద్దె తక్కువే, కాదనను. కానీ మనకి దొరికేదెంత? నెలకో శనివారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం రైలు దాకా. మీరు పనిచేసే వంతెన క్యాంపులో ఆడవాళ్ళని ఉండనివ్వరు, మా నర్సుల హాస్టల్లో మగవాళ్ళని గేటు దాటనివ్వరు. ఫోన్ చేసుకుందామంటే అటు కాంట్రాక్టరు, ఇటు మేట్రను చెవులు రిక్కించుకుని ఉంటారు. పెళ్ళయినప్పట్నుంచీ మన కాపురమంతా మనిద్దరికీ మధ్యనున్న ఆ మహానగరంలో అద్దె గదుల్లోనే. అందులో సగం బస్సులే తినేస్తే ఇక మనకేం మిగులుతుంది చెప్పండి.

ఇదివరకు ఒక నెల మీరు చూసేవారు, ఒక నెల నేను చూసేదాన్ని. నా నెలలో ఎప్పుడూ స్టేషన్ ఎదురు వీధే. కింద గిన్నెల చప్పుడు, గోడకి చెమ్మ, అన్నీ ఉండేవి. కానీ రైలు దిగి రోడ్డు దాటితే మీరుండేవారు. ఈ ఏడాది మొదట్లో మీరు "హోటళ్ళ సంగతి నాకొదిలెయ్" అన్నారు. వదిలేశాను. అప్పట్నుంచి నాకు ఊరి శివార్లన్నీ చూపిస్తున్నారు.

ఇంకో మాట. ఆదివారం లేచేసరికి మీరు పక్కన లేరు. ఎదురుచూడగా చూడగా పాల ప్యాకెట్టు పట్టుకుని వచ్చారు. పొయ్యి లేని గదిలో పాలెందుకని అడిగితే నవ్వేసి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వచ్చే నెల మాత్రం స్టేషన్ దగ్గరే చూడండి. అద్దె ఎక్కువైతే నేనిస్తాను.

మీ,
నడుము పట్టేసిన సిస్టరమ్మ

*

ప్రియమైన సిస్టరమ్మకి,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత నవ్వినందుకు సిగ్గుపడ్డాను. నడుముకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకో. ఊళ్ళో అందరి నొప్పులకీ మందులిస్తావు, నీ విషయానికొచ్చేసరికి ఎక్కడలేని బద్ధకం.

ఇక్కడ నాలుగో స్తంభం లేస్తోంది. ఏటి గాలికి రేకులు రాత్రంతా కొట్టుకుంటాయి. పొద్దున్నే పరికరం భుజాన వేసుకుని ఇసకలో దిగితే మళ్ళీ పొద్దుగూకాకే పైకి. ఈ మధ్య అద్దంలోంచి అవతలి గట్టు చూస్తుంటే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. వయసు మీద పడుతోందని మా వంటవాడు దెప్పుతున్నాడు. వాడు నాకన్నా పెద్దవాడు.

హోటల్ సంగతికొస్తే, స్టేషన్ ఎదుట హోటళ్ళవాళ్ళు మంచానికి కాదు, బోర్డుకి అద్దె తీసుకుంటారు. కిటికీ తీస్తే పక్క హోటల్ గోడ. అదే మంచం కాస్త లోపలికెళ్తే సగం ధరకి దొరుకుతుంది, కిటికీ తీస్తే మనుషులు కనిపిస్తారు. ఈసారి రైల్వే గేటు అవతల, పెద్దాసుపత్రి వెనక వీధిలో ఒకటి మాట్లాడాను. ఒకటే బస్సు. నామీద ఒట్టు.

పాల సంగతి వదిలెయ్. ఊరికే ఆ వీధి ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. కొన్నాళ్ళు ఓపిక పట్టు. నువ్వు పక్కనుంటే నాకు తుప్పు నీళ్ళయినా పన్నీరే. ఈ ముక్క మీ మేట్రన్‌కి చూపించకు.

నీ,
సర్వేయరు

*

ప్రియమైన మీకు,

తిరిగొచ్చి వారమవుతోంది, ఉత్తరం రాయడానికి చెయ్యి రాలేదు. కోపం కాదు. కోపానికి ఓపిక కావాలి.

నెల పొడుగునా ఆసుపత్రిలో పడి ఉండేదాన్ని తీసుకెళ్ళి మరో ఆసుపత్రి వెనక గదిలో పెట్టారు. కిటికీ తీస్తే మనుషులు కనిపిస్తారన్నారు, నిజమే, స్ట్రెచర్ల మీద. అది చాలదన్నట్టు ఆదివారం పొద్దున్న నన్ను లేపి, హోటల్ నుంచి ఆసుపత్రి గేటు దాకా నా నడకకి ఎంతసేపు పడుతుందో చూద్దాం రమ్మన్నారు. నిద్రపోనివ్వండని బతిమాలాను. మీరు మొహం మాడ్చుకుని ఒక్కరే వెళ్ళారు. తిరిగొచ్చేసరికి నా రైలు టైమయింది. ప్లాట్‌ఫారం మీద ఇద్దరం పరాయివాళ్ళలా నిలబడ్డాం. రైలు కదిలాక ఏడ్చాను. ఎదుటి సీటులో పెద్దావిడ నాకు మంచినీళ్ళిచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మా దగ్గర నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం కొత్త వార్డు తెరుస్తున్నారు. మేట్రను నన్ను పిలిచి, దానికి ఇన్‌చార్జిగా ఉంటావా అని అడిగింది. ఉంటే రెండేళ్ళు కదలనని సంతకం పెట్టాలి. నెలాఖరులోగా చెప్పమంది.

మీకు గుర్తుందో లేదో, మీ బదిలీ ఖాయమని రెండుసార్లు రాశారు. రెండోసారి నేను హాస్టల్లో మంచం వదిలేసుకున్నాను, అందరూ కలిసి భోజనం పెట్టి చీర కూడా చేతిలో పెట్టారు. తీరా ఆ బదిలీ గాల్లో కలిసిపోయింది. మళ్ళీ మంచం ఇప్పించండని మేట్రన్ ముందు నిలబడితే, ఆవిడ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆ చీర ఇప్పటికీ కట్టలేదు.

అందుకే సూటిగా అడుగుతున్నాను. మనం ఒక్కచోట ఉండే యోగం ఉందా, లేదా? ఉంటే ఎప్పుడో చెప్పండి, సంతకం పెట్టను. లేదంటే అదీ చెప్పండి. ఇలా నెలకోసారి గది తాళం తీసి, పక్కబట్టలు దులుపుకుని, కొత్తగా పరిచయమై, విడిపోవడం నావల్ల కావడం లేదు. మీరు కుడిపక్క పడుకుంటారో ఎడమపక్కో కూడా ప్రతిసారీ మరిచిపోతున్నాను. అలిసిపోయాను.

మీ,
సిస్టరమ్మ

*

సిస్టరమ్మా,

జీపు బయల్దేరుతోంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, అందుకే నాలుగు ముక్కలు.

సంతకం పెట్టకు. ఎందుకని అడక్కు. వచ్చే నెల కలిసినప్పుడు అన్నీ మాట్లాడుకుందాం. మళ్ళీ అదే హోటల్లో గది చెప్పాను. నీకు కోపం వస్తుందని తెలుసు. ఈ ఒక్కసారికి వచ్చెయ్.

నీ,
సర్వేయరు

*

సర్వేయరు గారికి,

ఉత్తరం అందింది. ఏం అడిగానో, మీరేం రాశారో పక్కపక్కన పెట్టుకుని చదివాను.

ఈ నెల రావడం లేదు. గది రద్దు చేసుకోండి. బట్టలు సర్దుకోవడానికి కూడా ఓపిక లేదు.

ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకండి.

సిస్టరమ్మ

*

నా సిస్టరమ్మకి,

నువ్వు రానని రాసినా ఆ శనివారం వెళ్ళాను. రాకపోతావా అని ప్రతి రైలూ చూశాను. తర్వాత హోటల్‌కి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. గది నిండా వెలుగే ఉంది, నువ్వు లేకపోతే అది ఎంత పనికిమాలిన గదో అప్పుడు తెలిసింది. నువ్వు అడిగిన మాటకి జవాబు అప్పుడే రాసి ఉండాల్సింది. చేతిలో ఆర్డరు కాగితం లేకుండా రాయడానికి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు కాగితం వచ్చింది. నగరంలో మంచినీళ్ళ శాఖలో సర్వేయరు ఉద్యోగం. పర్మినెంటు. ఏడాది మొదట్లో పరీక్ష రాశాను, తర్వాత ఇంటర్వ్యూ అయింది, తర్వాత ఇదిగో అదిగో అని తిప్పారు. నీకు చెప్పలేదు. రెండుసార్లు నీకు ఆశ పెట్టి, రెండుసార్లూ నిన్ను మేట్రన్ ముందు నిలబెట్టాను. మూడోసారి ఆ పని చెయ్యడంకన్నా నీచేత తిట్లు తినడమే నయమనుకున్నాను.

హోటళ్ళ సంగతీ అదే. స్టేషన్ దగ్గర ఎవరు కాపురముంటారు? మనబోటివాళ్ళు అద్దె కట్టుకోగలిగిన పేటలన్నీ దూరంగానే ఉన్నాయి. ఒక పేట సంగతి పగలు తిరిగి చూస్తే తెలీదు. అక్కడ పడుకుని లేవాలి. కుళాయి ఎప్పుడొస్తుందో, రాత్రి కుక్కలెంత అరుస్తాయో, పాలు ఏ వేళకి దొరుకుతాయో, బస్సులో ఆడవాళ్ళకి చోటు దొరుకుతుందో లేదో చూడాలి. అందుకే ప్రతి నెలా ఒక్కో పేటలో చవక హోటల్ వెతికాను. నీకు నచ్చని చోటు నీ మొహంలోనే కనిపించేది, దాన్ని కొట్టేసేవాణ్ణి. తుప్పు నీళ్ళ పేట అలాగే కొట్టేశాను.

ఆసుపత్రి వెనక గది మీద నీకు కోపమొచ్చినా, నడక దూరంలో నీకు పని ఉంటుందని ఆ వీధి మాత్రం నిలిచింది. అక్కడ మేడ మీద రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. వంటింట్లోకి పొద్దుటెండ వస్తుంది. ఇంటావిడ దర్జీపని చేస్తుంది, మాట కరుకు, మనిషి మంచిది. పెద్దాసుపత్రిలో నర్సుల్ని తీసుకుంటున్నారట, గేటు దగ్గర వాచ్‌మన్‌నీ, లోపల గుమాస్తానీ కనుక్కున్నాను. ఇంటి నుంచి నీకు నడకే.

వచ్చే వారం క్యాంపు వదిలేస్తున్నాను. చిరునామా కింద రాశాను. నువ్వు వచ్చెయ్. ఈసారి గాల్లో కలిసేది కాదు, ఆర్డరు నా చేతిలో ఉంది.

నీ,
సర్వేయరు

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం డ్యూటీ మధ్యలో వచ్చింది. లినెన్ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని చదివాను. కూర్చోడానికి చోటు లేక ఉతికిన దుప్పట్ల మూట మీద కూర్చున్నాను. ఆయమ్మ వచ్చి ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, మా ఆయనకి ఉద్యోగం వచ్చిందని చెప్పాను. మరి ఏడుపెందుకంది. ఆవిడకి చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

నేను సంతకం పెట్టేశాను. రావడం లేదని మీకు రాసిన రోజునే పెట్టాను. మేట్రన్ దగ్గరికెళ్ళి వెనక్కి తీసుకోవచ్చా అని ఇవాళ అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి, కాగితం పైకి వెళ్ళిపోయిందమ్మా అంది. ఆ మాట వినగానే ఆ మేడ మీది ఇల్లు చేజారిపోయిందనుకున్నాను. కానీ దాచకుండా చెప్పాలంటే, కాస్త ఊపిరి కూడా వచ్చింది. ఆ ఊపిరి ఎందుకొచ్చిందా అని సాయంత్రం దాకా ఆలోచించాను.

మీమీద కోపంతోనే సంతకం పెట్టానని అనుకున్నాను. అది సగమే. నాకు ఆ వార్డు కావాలి. అరచేతిలో పట్టేంత పిల్లల్ని వెచ్చటి అద్దాల పెట్టెల్లో పెట్టి బతికించే పని అది, నాకు వచ్చు, బాగా వచ్చు. వచ్చునని ఒకరు గుర్తించి పిలిచారు. ఇది మీకెప్పుడూ రాయలేదు. మీరూ ఎప్పుడూ అడగలేదు. పాలు పోసేవాణ్ణి అడిగారు, వాచ్‌మన్‌ని అడిగారు, గుమాస్తాని అడిగారు, ఇంటావిణ్ణి అడిగారు. నా మొహం చూసి పేటలు కొట్టేశారు కానీ, నోరు తెరిచి నన్ను ఒక్క మాట అడగలేదు. నేను తిట్టానని బాధపడి ఊరుకోకండి, ఇది గుర్తుపెట్టుకోండి. ఇకమీదట మంచి కబురైనా చెడ్డ కబురైనా, తేలని కబురైనా సరే, నాకు చెప్పాలి. ఆశపడి దెబ్బతినడం నాకు అలవాటే. మీరు దూరమైపోయారనుకుని బతకడం మాత్రం నాకు చేతకాలేదు.

ఇన్ని నెలలు ఆ చవక గదుల్లో నా పక్కన పడుకుని మీరు మన ఇంటి కుళాయి గురించి ఆలోచించారని తలుచుకుంటే నవ్వాలో మిమ్మల్ని తన్నాలో తెలియడం లేదు. కలిసినప్పుడు తేల్చుకుంటాను.

కాబట్టి రెండేళ్ళు ఇలాగే. పెద్దాసుపత్రి ఎక్కడికీ పారిపోదు, ఆ తర్వాత చూద్దాం. ఇల్లు మాత్రం వదలకండి. నెలనెలా నేను వస్తాను, మీరు ప్రయాణం చెయ్యక్కర్లేదు, గది వెతకక్కర్లేదు. వంటింట్లోకి గిన్నెలు నేను కొంటాను, మీరు కొంటే చవకవి కొంటారు.

వచ్చే శనివారం వస్తున్నాను, అప్పటికి మీరు ఇంట్లో దిగే ఉంటారు. స్టేషనుకి రాకండి. చిరునామా ఉందిగా, అడుగుతూ వస్తాను, దూరమైనా సరే. ఇన్నేళ్ళూ మనం కౌంటర్ దగ్గర నిలబడి, రిజిస్టర్లో సంతకం చేసి, ఎవరో ఇచ్చిన తాళంతో గది తెరుచుకుని ఇద్దరం ఒకేసారి లోపలికి వెళ్ళినవాళ్ళమే. నేను తలుపు కొడితే మీరు లోపలి నుంచి వచ్చి తియ్యడం ఒక్కసారి కూడా జరగలేదు. అది కావాలి నాకు.

ఇంట్లోనే ఉండండి.

మీ భార్య