రెండు ఎర్రచుక్కల బంతి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కుప్పంలో మీవాళ్ళంతా నీ ఫోటోకు దండ వేస్తుంటే, నేను బెంగళూరులో పెద్దవయసు ఆడవాళ్ళ గోల్ఫ్ పోటీలో ఉన్నాను. తిట్టాలంటే నిన్నే తిట్టుకో, నా చేతికి ఆ కర్ర ఇచ్చింది నువ్వే.

చివరి హోల్ దగ్గరికి వచ్చేసరికి నా బంతులన్నీ పొదల్లో పోయాయి. సంచి అడుగున నీది ఒక్కటే దొరికింది, గుర్తుకని నువ్వు స్కెచ్ పెన్నుతో రెండు ఎర్రచుక్కలు పెట్టుకున్నది. ఎదురుగా నీటిగుంట. దాటిస్తే కప్పు నాదే. నేను బంతిని పక్కకు కొట్టి, గుంట చుట్టూ తిరిగి వెళ్ళాను. ఒక్క షాట్ ఎక్కువై ఓడిపోయాను.

నాతో ఆడిన మదనపల్లె రాజమ్మ, "యాలమ్మా అట్ల కొడితివి? దాటించే బలం నీకుండాది కదా" అంది.

పుంగనూరు బస్సులో కూర్చుని స్కోరు కార్డు వెనక ఇది రాస్తున్నాను. నువ్వైతే, "బంతి ఉండేది దాసుకునేదానికా పాపా?" అనేదానివి.

నీళ్ళలో పడకుండా కాపాడుకున్న ఆ బంతిని ఇంతసేపూ గుప్పిట్లోనే నలుపుతూ ఉన్నాను. ఇప్పుడు విప్పి చూస్తే, చెమటకు ఒక చుక్క చెరిగిపోయింది.