రాజా అనే పేరు

1983 మే, గురువారం

కరువుకు తోడేళ్లు దొడ్డిదాకా వస్తున్నాయి. మా కాపలా కుక్క కర్రోడు ముసలిదైపోయిందని మడకశిర నుంచి ఇంకో కుక్కపిల్లను తెచ్చాను. ఏం పేరు పెడదామని నా భార్య నాగమ్మను అడిగాను.

"రాజా అని పెడదాం."

మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కలేదని మూడోవాణ్ణి పెంటకుప్ప మీద పొర్లించి, పెంటయ్య అన్నాం. బతికి బట్టకడితే రాజా అని మార్చాలనుకున్నాం. మూడేళ్లు నిండకుండానే వాడూ పోయాడు.

"వాని పేరు కుక్కకా?" అని కసిరాను. కసరకుండా ఉండాల్సింది.

"ఇంగెవరికోసం దాచిపెట్టేది? ఒగసారన్నా నోరారా పిల్చుకోనీ" అంది.

పొద్దు గూకేదాకా పిలుస్తూనే ఉంది. కుక్కపిల్లకు ఆ పేరింకా అలవాటు కాలేదు. పిలిచినప్పుడల్లా వాకిలివైపు తిరిగి చూసింది నేనే.