బండి నిలుపుకునే చోటికి అద్దె

సుశీలక్కకి,

నీ చెల్లెలు సరళ ప్రేమతో నమస్కరించి రాస్తున్నది. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావగారి షుగర్ అదుపులోకి వచ్చిందా? ఈ ఫ్లోరిడా పార్కులో ఫోన్‌కి సిగ్నల్ సరిగా అందదు. అందుకే ఉత్తరం.

ఆష్‌బర్న్‌లో ఇల్లు అమ్మేసి ఆర్వీలో ఉంటున్నామంటే నువ్వు ఫోన్‌లోనే ఏడ్చావు. ఏడవాల్సిందేం లేదక్కా. అది బస్సంత బండి. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ ఉన్నాయి. కాకపోతే మా ఇల్లంతా నీ వంటగదిలో పట్టేస్తుంది. ఆయన ఉద్యోగం పోయాక ఇంటి వాయిదాలు కట్టలేక మారిన మాట నిజమే. మా అమ్మాయి స్వాతి మోరిస్‌విల్‌లో తన దగ్గరికి వచ్చి ఉండమంది గాని, ఆయన ఒప్పుకోలేదు.

బయల్దేరే ముందు ఆయన కంప్యూటర్‌లో బడ్జెట్ వేశారు. ఊరూరా తిరిగి చూద్దామనుకున్నాం. తీరా బండి తాగే పెట్రోలు చూస్తే ఆ లెక్కంతా తప్పిపోయింది. పోనీ ఒకచోటే ఉందామంటే, ఇలాంటి పార్కుల్లో బండి నిలుపుకునే చోటికి అద్దె. కరెంటు, నీళ్లు ఉంటే ఇంకా ఎక్కువ. హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను ఇండియన్ కొట్టుకి వెళ్లడం తగ్గించాను. ఆయన టైర్లు మార్చడం వాయిదా వేశారు. అది చూసి నాకు భయం వేసింది.

అప్పుడు పార్కు మేనేజర్ లిండా ఒక మాట చెప్పింది. వారంలో కొన్ని రోజులు ఆఫీసులో కూర్చుని, పార్కులో అందరూ వాడే బాత్రూములు శుభ్రం చేస్తే చోటికి అద్దె కట్టక్కర్లేదట. ఆయన్ని అడక్కుండానే సరేనన్నాను.

ఆ సాయంత్రం ఆయన అన్నం కలిపి అలాగే కూర్చున్నారు. "నువ్వు పరాయివాళ్ల బాత్రూములు కడగడానికేనా నేను ఇన్నేళ్లు కష్టపడింది?" అన్నారు.

"మన బాత్రూమ్ ఇన్నేళ్లూ నేనే కడిగాను కదండీ. అప్పుడు మీకేం అనిపించలేదే" అన్నాను.

ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. తర్వాత చాలా రోజులు ముక్తసరిగానే మాట్లాడారు. నేను పనికి వెళ్తుంటే తల తిప్పుకునేవారు. నాకు మాత్రం నిజంగా బాగుందక్కా. ఆష్‌బర్న్‌లో పక్కింటివాళ్ల పేరు తెలీదు. ఇక్కడ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆగి పలకరిస్తారు. ఒకావిడ తన తోటలో కాసిన నిమ్మకాయలు సంచీనిండా ఇచ్చింది.

పోయిన వారం నాకు నడుం పట్టేసి లేవలేకపోయాను. లిండాకి ఫోన్ చెయ్యబోతుంటే ఆయన వద్దన్నారు. తాళాలు తీసుకుని, బకెట్ పట్టుకుని వెళ్లారు. ఎంతసేపటికీ రాలేదు. కంగారుపడి నెమ్మదిగా నడిచి వెళ్లాను. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నేల రుద్దుతున్నారు. తలుపు దగ్గర ఒక పెద్దాయన, కొత్తగా చేరారా అని అడుగుతున్నాడు. ఇది మా ఆవిడ ఉద్యోగమండీ, ఇవాళ తనకి ఒంట్లో బాగోలేదు అని ఇంగ్లీషులో చెప్పారు. గొంతులో ఏ మొహమాటమూ లేదు. నేను కనబడకుండా వెనక్కి వచ్చేశాను.

వచ్చాక నా నడుముకి జండూబామ్ రాస్తూ అడిగారు, "అంత పనీ ఇన్నాళ్లూ నువ్వొక్కదానివే చేస్తున్నావా?"

అప్పట్నుంచి బకెట్లు ఆయనవి, ఆఫీసు నాది. అద్దె మిగిలింది కదా, టైర్లు కూడా మార్పించాం. మా గురించి బెంగ పెట్టుకోకు. నిజంగా బాగున్నాం.

స్వాతి అత్తగారు వచ్చే నెల వస్తున్నారు. ఆవిడతో కాస్త ఉసిరికాయ పచ్చడి పంపు. ఇంగువ కూడా. బావగారికి మా ఇద్దరి నమస్కారాలు. పిన్నిని నా పేరు చెప్పి పలకరించు. మీ దీవెనలు మాకు ఉండాలి.

మోకాళ్లు కుదుటపడ్డాక ఇద్దరూ ఒకసారి రండక్కా. మంచం మీకేనట, తను ముందు సీట్లో పడుకుంటారట. మీ మరిదిగారే రాయమన్నారు.

నీ
సరళ