రాజన్న మీద వేసిన తప్పు

గురువారం రాత్రి, అల్ అజీజియా

నర్సరీ స్కూలు స్టాఫ్ వ్యాన్‌లో అందరూ ఎక్కాక కదలమని చెప్పే పని ఈ వారం నుంచి నాది. టీచర్లకూ ఆయాలకూ నేనే లీడర్‌నట.

సాయంత్రం డ్రైవర్ రాజన్న అడిగాడు. "మేడం, ఆయా సరోజక్క ఇంక రాలే. జర ఆగుదామా?"

వెనక సీట్లలో విసుక్కుంటున్నారు. వాళ్ళ ముఖాలు చూడలేక "పోనివ్వండి" అన్నాను.

ఫోన్‌లో సగం చదివిన కథ తెరిచాను. యూదుల గురువులు చెప్పుకునే కథ. మామగారి మందను కాసే రోజుల్లో, తప్పించుకుపోయిన మేకపిల్ల వెంట మోషే పరుగెత్తాడట. అది నీళ్ళు తాగుతూ కనిపించింది. దాహమని తెలియలేదే, అలసిపోయి ఉంటావు అంటూ భుజాన వేసుకుని తెచ్చాడు. అందుకే దేవుడు తన ప్రజలను అతని చేతిలో పెట్టాడట.

అప్పుడే సరోజమ్మ ఫోన్. "సీసాలో నీళ్ళు పట్టుకొచ్చేసరికి వ్యాన్ లేదేంటి టీచరమ్మా? ఎండకి కళ్ళు తిరుగుతున్నాయి."

"రాజన్న ఆగలేదు" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో.

అది విని రాజన్న వ్యాన్ వెనక్కి తిప్పాడు. సరోజమ్మ ఎక్కుతూనే అందరి ముందూ అతన్ని కడిగేసింది. "నేనంటే అంత లోకువా నీకు?"

"తప్పయింది అక్కా. ముందుకొచ్చి ఏసీ కాడ కూసో."

నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఇప్పుడే సరోజమ్మకు ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ అతను తిట్లు తిన్నది అందరి ముందు. ఈ అరబ్బు ఊళ్ళో శుక్ర, శని సెలవు; వాళ్ళంతా మళ్ళీ వ్యాన్ ఎక్కేది ఆదివారం. అప్పుడు చెప్పగలనో లేదో...

అంతవరకూ నా తప్పు రాజన్న భుజం మీదే ఉంటుంది.