పులుసు తిన్న పూట

తాడేపల్లిగూడెం

ప్రియమైన దుర్గకి,

ఫోన్ చేస్తే మా కోడలు హర్షిణి వింటుంది, అందుకే ఈ ఉత్తరం. ఆ పిల్ల నాకు మందు పెట్టిందే. తను వండిన బొమ్మిడాయి చేపల పులుసు నోట పెట్టానో లేదో, కుడి దవడ కింద నిమ్మకాయంత వాపు, ఒకటే సలుపు. కాసేపటికి తగ్గిపోతుంది. నేను వండుకున్న పెసరపప్పు అన్నం తింటే ఏమీ ఉండదు. ఇంకేం రుజువు కావాలి? మందు కక్కించే ఆయన దగ్గరికి వెళ్తున్నాను. అది బయటపడిందా, పెళ్లాన్ని పుట్టింటికి పంపేయమని మా అబ్బాయి జయంత్‌కి చెప్పేస్తాను.

నీ తాయారు

గుండుగొలను

ప్రియమైన తాయారూ,

ఆ కక్కుడు మందు తాగి పేగులు పాడుచేసుకోకు. ఒక పిల్ల కాపురం సంగతి ఇది. ముందు మా ఇంటికి రా. అదే పులుసు నేను వండి పెడతాను. నా చేతి వంటకి వాపు రాకపోతే, ఆ తర్వాత నీ ఇష్టం.

నీ దుర్గ

తాడేపల్లిగూడెం

దుర్గకి,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. నీ ఇంట్లో రెండో ముద్దకే దవడ ఉబ్బింది. నీ ఫోన్‌లో హర్షిణి పేరు కూడా చూశాను. నాకు తెలియకుండా మా కోడలితో నీకేం మాటలు? ఇద్దరూ కూడబలుక్కున్నారా?

మంగతాయారు

గుండుగొలను

నా పిచ్చి తాయారూ,

అవును, ఫోన్ చేసింది. "మా అత్తయ్యగారు నా వంట తినట్లేదండీ. ఆవిడకి పులుపు ఎంత ఉండాలండీ?" అని అడిగింది. ఇంకాస్త వేయమన్నాను. ఇద్దరి వంటకీ ఒకటే వాపు వచ్చిందంటే లోపం నీ దవడలోనే ఉంది. ఏలూరులో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారికి చూపిద్దాం. సోమవారం స్టేషన్‌లో ఉంటాను. నన్ను అనుమానిస్తూనే రా, పర్వాలేదు.

నీ దుర్గ

తాడేపల్లిగూడెం

ప్రియమైన దుర్గకి,

స్కానింగ్ దాకా నువ్వున్నావు, తర్వాతి సంగతి విను. నాలుక కింద మత్తు సూది వేసి రాయి తీసేశారు. బియ్యపు గింజంతే. లాలాజలం వచ్చే దారికి అడ్డం పడిందట. "పులుపు తగిలితే నోరు బాగా ఊరుతుందండీ. బయటికి దారి లేక గ్రంథి ఉబ్బుతుంది. చప్పటి పప్పుకి అంత ఊరదు" అన్నారు డాక్టరుగారు. నీళ్లు బాగా తాగమన్నారు.

పుండు మానాక హర్షిణి మళ్లీ బొమ్మిడాయిల పులుసు వండింది. నాకు వడ్డించకుండా, ముందు తన కంచంలో ఒక ముద్ద కలుపుకుని నా ఎదుటే తినేసింది. "ఇప్పుడు మీకు వడ్డించనా అండీ?" అంది. దానికి అంతా తెలుసే. తెలిసే ఇన్నాళ్లూ వండింది. సిగ్గుతో చచ్చిపోయాను. నాకు వేరే కంచం తేబోతుంటే ఆపి, ఆ ఎంగిలి కంచమే నా ముందుకి లాక్కుని తిన్నాను.

వాపు రాలేదు. కళ్లు మాత్రం ఆగలేదు. ముల్లు గుచ్చుకుందా అత్తయ్యగారూ అని అడిగింది. అవునన్నాను.

నీ తాయారు