బాపు ఎడమ చేయి

రామన్నపేట, మంగళవారం రాత్రి

మంగళవారం కటింగు దుకాణాలకు సెలవు. బాపు కత్తులన్నీ నూరుకునేది ఈ రోజే. చేతులకు వణుకు వచ్చి ఆయన కత్తి పట్టక ఎనిమిది నెలలైంది. బ్లేడుతో గడ్డం గీయనివ్వడు, తన పాత కత్తే కావాలంటాడు. అందుకే నూరడం నేర్చుకుంటున్నాను. మూడు వారాలుగా పదునే రావడం లేదు.

ఈ సాయంత్రం మంచంలోంచే రాయి చప్పుడు వింటూ, "కత్తి ఎన్ను లేపకు బిడ్డా. రాయి మీద పండవెట్టి గుంజు," అన్నాడు. అలాగే కత్తి వెన్నును రాయికి ఆనించి నూరి, తోలుపట్టా మీద తిప్పి తిప్పి లాగాను.

"ఏదీ, నా చేతి మీద సూడు," అని ఎడమ చేయి చాపాడు. ఆయన ఎప్పుడూ పదును చూసుకునేది అక్కడి వెంట్రుకలు గీసే. మణికట్టుకు పైన అరచేయంత జాగా నా చిన్నప్పటి నుంచీ నున్నగానే ఉండేది. చొక్కా చేయి మడిస్తే అక్కడ తెల్లటి వెంట్రుకలు ఒత్తుగా మొలిచి ఉన్నాయి. స్నానం చేయించేది తమ్ముడు, నేనెప్పుడూ గమనించలేదు.

బాపు కూడా కాసేపు చూశాడు. "గీడ గూడ మొలుస్తయని నాకే ఎర్కలేదు," అన్నాడు.

కత్తి ఆనించగానే వెంట్రుకలు రాలిపోయాయి. ఇన్నాళ్లకు పదును వచ్చింది, సంతోషం మాత్రం రాలేదు.

"ఇగ గడ్డం జేస్తా బాపూ."

"ఇయ్యాల వద్దు బిడ్డా. గిది సాలు."

బాపు ఇంకా నిద్రపోలేదు. వణికే బొటనవేలితో ఆ నున్నటి జాగాను తడుముకుంటూనే ఉన్నాడు.