వెండెల్ ఎడమ చెయ్యి

మార్టన్, ఒహాయో
మే, 1956

ల్యూబా అక్కకు, నీ తమ్ముడు ప్రేమతో రాస్తున్నది,

నువ్వు పంపిన గసగసాల రొట్టె అందింది. మా జట్టువాళ్ళు వాసన పట్టి, నాకు అంచు ముక్క మాత్రం మిగిల్చారు. బావ దగ్గు ఎలా ఉందో రాయలేదు. గని డాక్టరు చెప్పిందే వేదమనుకోకుండా ఊళ్ళో డాక్టరుకి కూడా చూపించండి.

పేపర్లో మా జట్టు పేరు పై వరసలో కనిపించిందని ఆశ్చర్యపోయావు కదా. మాకే నమ్మకం కలగడం లేదక్కా. మార్టన్ లాంటి ఊరికి పెద్ద బేస్‌బాల్ లీగ్‌లో చోటు ఎందుకంటే, ఓడిపోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కనక. న్యూయార్క్ క్రౌన్స్ ఆట చూడటానికి ఒక్క ఆదివారం వచ్చే జనం మాకు నెలంతా ఆడినా రారు. జనం రాకపోతే డబ్బు రాదు. డబ్బు లేకపోతే కాస్త చేతికందొచ్చిన ఆటగాణ్ణి క్రౌన్స్‌కే అమ్ముకోవాలి. అమ్మితే మళ్ళీ ఓడిపోతాం, ఓడితే జనం రారు. "మనం క్రౌన్స్ వాళ్ళ నారుమడిరా. ఇక్కడ మొలవడం, అక్కడ నాటుకోవడం" అంటారు మావాళ్ళు. నవ్వుతూనే అంటారు. మమ్మల్ని అడిగేవాళ్ళెవరూ ఉండరు. ఒకసారి సంతకం పెట్టాక, అమ్మేదాకా ఈ జట్టు మనుషులం, అమ్మాక ఆ జట్టు మనుషులం.

ఈ ఏడు మాకు వెండెల్ టేట్ దొరికాడు. వెస్ట్ వర్జీనియా కొండల మనిషి, ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చరు. పొడుగ్గా ఉంటాడు, ఎవరైనా పొగిడితే బూట్ల కేసి చూసుకుంటాడు. అతని బంతులు పట్టే క్యాచర్ని నేనే, ప్రయాణాల్లో ఇద్దరం ఒకే గదిలో ఉంటాం. భార్య ఇడెల్లా నిండు నెలలకు దగ్గరపడింది. అతను బంతి విసిరే రోజున ఉక్కు మిల్లు వాళ్ళు డ్యూటీ దిగి, అన్నం డబ్బాలతోనే మైదానానికి వచ్చేస్తున్నారు. చాలా ఏళ్ళుగా మూసేసి ఉంచిన వెనక వరసలు కడిగించి తెరిచారు.

సంతోషించాల్సిన మాటలే రాస్తున్నాను. కానీ సంతోషంగా లేదక్కా.

మా యజమాని ఫెన్విక్ జనం మధ్య ఎప్పుడూ కూర్చోడు. పోయిన వారం నుంచి కూర్చుంటున్నాడు. పక్కన బూడిదరంగు టోపీ పెట్టుకున్న ఒకాయన. అతని పేరు వాస్, క్రౌన్స్ తరఫున ఆటగాళ్ళని చూసి కొనే మనిషి. చప్పట్లు కొట్టడు, ఏమీ రాసుకోడు. మేం బ్యాటింగ్ చేస్తున్నప్పుడు కూడా ఆట చూడడు. బెంచీ మీద కూర్చున్న వెండెల్ ఎడమ చెయ్యి వైపే చూస్తుంటాడు. సంతలో గొడ్డును చూసే చూపు కూడా అంతకన్నా దయగా ఉంటుంది.

ఇంకో సంగతి నీకొక్కదానికే చెబుతున్నాను. వెండెల్ బంతి మారింది. ఏప్రిల్‌లో అది వచ్చి తగిలితే గ్లవ్ లోపల అరచెయ్యి మండేది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేసరికి నీరసపడుతోంది. బ్యాట్లు పట్టుకున్నవాళ్ళకి ఇంకా తెలియలేదు. నిన్న పొద్దున గదిలో చొక్కా గుండీ పెట్టుకోలేక అవస్థపడుతుంటే చూశాను. లేచి వెళ్ళి నేనే పెట్టాను.

"ఎప్పట్నించిరా?"

"చలికి పట్టేసిందన్నా. అంతే."

"చలెక్కడుందిరా, మే నెలలో?"

చొక్కా చేతిని కిందికి లాక్కున్నాడు. తర్వాత, "ఎవరికీ చెప్పకన్నా" అన్నాడు.

చెప్పనన్నాను. ఆ మాట అన్నప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

నీ తమ్ముడు
ఆండ్రెయ్

*

మార్టన్
జూన్ మొదటి వారం

అక్కా,

నీ జవాబు కోసం ఆగకుండా మళ్ళీ రాస్తున్నాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు.

క్రౌన్స్ మా ఊరొచ్చి ఆడి, వరసగా ఓడించి వెళ్ళారు. అది కొత్త కాదు. కానీ వాళ్ళ బెంచీ మీద ఊరికే కూర్చున్న వాళ్ళని ఈసారి తేరిపార చూశాను. ఒక్కొక్కడూ మా జట్టులో అయితే రాజు. అక్కడ గింజలు నములుతూ, ఎండకు కళ్ళు చిట్లించి కూర్చున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇక్కడ పెరిగినవాళ్ళే. నన్ను చూసి చెయ్యూపి, వెంటనే దించేసుకున్నారు.

వెండెల్‌కి విశ్రాంతి ఇవ్వాల్సింది పోయి, వరస తప్పించి మరీ దింపుతున్నారు. నేను మా మేనేజరు బ్రెమర్ గదికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. తలుపేసుకోమన్నాడు.

"నువ్వేం చెప్పబోతున్నావో నాకు తెలుసు. చెప్పకు" అన్నాడు.

"అతని భుజం..."

"చెప్పకన్నానా? చెబితే నేను విన్నట్టవుతుంది. విన్నాక దింపితే పాపం నాది."

"మరి వినకుండా దింపితే ఎవరిదండీ?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "జూన్ నడుమ దాకా ఓపిక పట్టు. తర్వాత ఈ ఏటికి అమ్మకాలు ఉండవు. ఈలోగా అతను వెళ్ళిపోతే, ఆ డబ్బుతో ఈ జట్టు ఊళ్ళో నిలబడుతుంది. లేదంటే మూట కట్టి పశ్చిమానికి పోతానంటున్నాడు ఫెన్విక్. మైదానం దగ్గర శాండ్‌విచ్‌లు అమ్ముకునేవాళ్ళ దగ్గర్నించి నీ దాకా ఎంతమంది రోడ్డున పడతారో ఆలోచించు."

ఆలోచించానక్కా. వేరే పనేముంది నాకు.

వెండెల్‌ని అడిగితే అతనిది ఇంకో లెక్క. "ఒక్కసారి అక్కడికి చేరితే చాలన్నా. వాళ్ళకి మంచి డాక్టర్లుంటారు. పెద్ద ఊరు, అన్నీ ఉంటాయి. బాగుచేయించుకుంటారు. ఇంత పెట్టి కొన్నవాణ్ణి పాడుచేసుకుంటారా?"

ఆ మాట అతను అంత నమ్మకంగా అంటుంటే నేను ముఖం తిప్పుకున్నాను. ఆ నమ్మకం నేనెరుగుదును. అదెక్కడిదో ఇంకోసారి రాస్తాను.

ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ వాస్ ఉండే హోటలుకి వెళ్ళి నిజం చెప్పేస్తాను. పాడైన చేతిని వాళ్ళు కొనరు. కొనకపోతే ఫెన్విక్‌కి వెండెల్‌ని ఎండలో నిలబెట్టి చూపించాల్సిన అవసరం ఉండదు. వెండెల్ నన్ను క్షమించకపోవచ్చు. చెయ్యి అంటూ ఉంటే ఎప్పటికైనా క్షమిస్తాడు.

ఆండ్రెయ్

*

మార్టన్
జూన్ నడుమ

అక్కా,

పేపర్లు నీదాకా వచ్చే ఉంటాయి. వాళ్ళు రాసింది సగమే. మిగతా సగం నేను చెబుతాను.

పొద్దున్నే హోటలుకి వెళ్ళాను. వాస్ ఒక్కడే కూర్చుని టిఫిన్ తింటున్నాడు. ఎదురుగా కూర్చోమన్నాడు. నేను వెండెల్ భుజం గురించి చెబుతున్నంతసేపూ రొట్టెకి వెన్న రాస్తూనే ఉన్నాడు.

"తెలుసు" అన్నాడు చివరికి. "మే నెలలోనే కనిపెట్టాను. విసిరేటప్పుడు మోచెయ్యి కిందికి జారుతోంది."

"మరెందుకండీ కొనడం?"

"డెట్రాయిట్ జట్టువాళ్ళు మా వెనకే ఉన్నారు. వాళ్ళకి ఈ సంగతి తెలియదు. మీ ఫెన్విక్ చుట్టూ తిరుగుతున్నారు. ఆ కుర్రాడు చెడిన చేత్తోనే అక్కడ నాలుగు ఆటలు గెలిపించినా మాకు తలనొప్పి."

"పనికిరాని చేతికి అంత డబ్బా?"

"అది చేతికి పెట్టే డబ్బు కాదు, హూడాక్. తలుపుకి గొళ్ళెం. మీకు ఎక్కువ అనిపిస్తుంది. మాకు అనిపించదు."

"తీసుకెళ్ళి ఏం చేస్తారు?"

"కింద మా చిన్న జట్లు బోలెడున్నాయి. ఎక్కడో ఒకచోట కూర్చోబెడతాం. బాగుపడితే పడతాడు." జామ్ సీసా మూత తిప్పుతూ, ఏదో బంధువుల కబురు చెబుతున్నట్టు అన్నాడు. "మీకు తెలియనిదేముంది. మీరూ మా దగ్గర ఉన్నవారేగా."

ఉన్నానక్కా. అమ్మ పోయిన ఏడాది నన్ను క్రౌన్స్ కొన్నారని ఊరంతా బీరు పోయించాడు నాన్న, గుర్తుందా? తర్వాత మూడేళ్ళు నేను పెద్ద లీగ్‌లో ఎందుకు ఆడలేదని మీరంతా అడిగితే, మోకాలు బాగాలేదని రాశాను. నా మోకాలికి ఏమీ కాలేదు. వాళ్ళ క్యాచరుకి ఎప్పుడైనా దెబ్బ తగిలితే చేతికింద ఒకడు ఉండాలని, ఇంకెవరికీ దక్కకుండా, నన్ను ఎక్కడో అడవిలాంటి ఊళ్ళో అట్టేపెట్టారు. అతనికి దెబ్బ తగల్లేదు. నా మంచి వయసంతా అలా పోయింది. నాన్నకి ఆ మాట చెప్పలేకపోయాను. పాడయ్యానంటే జాలి పడతారు కదా. బాగున్నవాణ్ణి బాగున్నట్టే పక్కన పడేశారంటే, ఆ మాట చెప్పుకోవడానికి నోరు రాదు.

మధ్యాహ్నం ఆట. వాస్, ఫెన్విక్ ముందు వరసలో ఉన్నారు. డెట్రాయిట్ మనిషి పేపర్లవాళ్ళ పక్కన కూర్చున్నాడు. మైదానం నిండిపోయింది. వెండెల్ చెయ్యి వేడెక్కించుకుంటుంటే వెళ్ళి, వాస్ అన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. నా సంగతి కూడా చెప్పాను.

బంతిని తిప్పుతూ విన్నాడు. "మరి డాక్టర్లు?" అన్నాడు.

"ఎవరూ లేర్రా."

"నేను వెళ్ళకపోతే జట్టు ఊరొదిలి పోతుందంటగా. ఈ జనమంతా నన్ను తిడతారన్నా."

"నిన్నెందుకు తిడతారు. నన్ను తిడతారు. నువ్వు ఊఁ అను చాలు."

అతను ఊఁ అనకుండానే బంతి విసిరే దిబ్బ మీదికి నడిచాడు. మొదటి ఇన్నింగ్స్ ఎలాగో గడిచింది. రెండో దాంట్లో వంపు బంతి ఒకటి విసిరి, అక్కడే నడుం వంచి ఉండిపోయాడు. టోపీ అంచు ముఖానికి అడ్డం. పరుగెత్తి వెళ్ళాను. పెదవులు తెల్లబడిపోయాయి.

"నువ్వే చెప్పన్నా" అన్నాడు. "నాకు నోరు రావడం లేదు."

ముఖానికున్న ఇనప జాలీ తీసి, అంపైరు పిలుస్తున్నా ఆగకుండా పేపర్లవాళ్ళ వరస దాకా నడిచాను. "వెండెల్ టేట్ భుజం మే నెల నుంచి చెడింది. ఇంకో బంతి విసిరితే ఇక ఎప్పటికీ విసరలేడు. మీరూ రాసుకోండి, డెట్రాయిట్ వారూ రాసుకోండి" అన్నాను. అందరికీ వినబడింది.

చెడిన చేతిని డెట్రాయిట్ కొనదు. డెట్రాయిట్ కొననప్పుడు క్రౌన్స్‌కి గొళ్ళెంతో పని లేదు. వాస్ లేచి, టోపీ సర్దుకుని, తొందరేమీ లేకుండా వెళ్ళిపోయాడు. వెళ్తూ నావైపు చూసి కొంచెం తల వంచాడు. ఆ చూపులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

బ్రెమర్ వచ్చి, "ఏం చేశావో తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. జనం అరవడం మొదలుపెట్టారు. సాయంత్రం గేటు దగ్గర ఒక మిల్లు మనిషి నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. "ఇక మా ఆదివారాలకి ఎక్కడికి పొమ్మంటావు?" అని మాత్రం అడిగాడు. కొట్టినా బాగుండేది.

ఆండ్రెయ్

*

మార్టన్
ఫిబ్రవరి, 1957

ల్యూబా అక్కకు,

చాలా నెలలు రాయలేదని అలిగి ఉంటావు. రాయడానికి ధైర్యం చాలలేదు.

జట్టు వెళ్ళిపోతోంది. కాలిఫోర్నియాకట. మైదానంలో కుర్చీలు ఊడదీసి అమ్మేస్తున్నారు. ఊళ్ళో కొట్టువాళ్ళు నాకు సరుకు ఇస్తారు, ముఖం చూడరు. ఫెన్విక్ నన్ను తీసేయలేదు. ఇంత తక్కువ జీతానికి ఇంకో క్యాచరు దొరకడు కదా. జరిమానా వేసి ఊరుకున్నాడు.

పోయిన నెల కాలిఫోర్నియా పేపర్లో ఒక వార్త వచ్చింది. బ్రెమర్ కత్తిరించి నా చేతిలో పెట్టాడు. ఫెన్విక్ అక్కడివాళ్ళకి పోయిన ఆట కాలం మొదలవకముందే మాట ఇచ్చేశాడట. వెండెల్‌ని అమ్మినా అమ్మకపోయినా వెళ్ళేవాడే. ఆ అమ్మకం దారి ఖర్చుకి, అంతే. బ్రెమర్ ఆ ముక్క ఇచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఆ వార్త ఊళ్ళో చదివినవాళ్ళు తక్కువ. నేనూ ఎవరికీ చూపించలేదు.

వెండెల్ వేసవంతా కొండల్లో అత్తగారింట్లో ఉన్నాడు. కూతురు పుట్టింది. డాక్టరు ముట్టుకోవద్దన్నాక బంతి ముట్టుకోలేదు. ఆకులు రాలే రోజుల్లో పశువుల పాక గోడకేసి నెమ్మదిగా మొదలుపెట్టాడట. నన్ను రమ్మంటే వెళ్ళాను. గ్లవ్ తొడుక్కుని కూర్చున్నాను. అరచెయ్యి మండిందక్కా. ఇడెల్లా పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

నిన్న మందుల షాపు ఫోనుకి వెండెల్ కాల్ వచ్చింది.

"అన్నా, నన్ను అమ్మేశారు."

"ఎవరికి?" అన్నాను, తెలిసి కూడా.

"వాళ్ళకే. ఆ వాస్ మా ఇంటికొచ్చాడు. పాక దగ్గర నిలబడి చూశాడు. ఈసారి పైజట్టులోనే అంటున్నాడు. పాడైందని ఊరంతా తెలుసు కదా, ఫెన్విక్ చవగ్గానే వదిలేశాడంట."

షాపులో గల్లా దగ్గర మనిషి నన్నే చూస్తున్నాడు. నేను గోడకి ఆనుకున్నాను. ఆ చేతిని నేను ఎవరి కోసం కాపాడానో అప్పుడు అర్థమైంది. వాస్ ఆ రోజు తల ఎందుకు వంచాడో కూడా.

"వెళ్ళమంటావా?" అన్నాడు. అడగాల్సిన పని లేదు. వెళ్ళక తప్పదని మా ఇద్దరికీ తెలుసు. అయినా అడిగాడు.

"వెళ్ళు. బాగైన చేత్తో వెళ్తున్నావు."

ఫోనులో గీమని శబ్దం వచ్చింది. లైను తెగిందనుకున్నాను.

"ఏప్రిల్‌లో మొదటి ఆట నాకే ఇస్తారట. ఎవరి మీదో తెలుసా అన్నా? మీ మీదే. కాలిఫోర్నియాలో."

"అయితే ఎదురుగా బ్యాటు పట్టుకుని నిలబడేది నేనే."

"ఊఁ."

"నన్ను చూసి మెత్తగా విసిరావంటే ఊరుకోను."

"విసరనన్నా" అన్నాడు.

విసరడు. అతని బంతి ఎంత గట్టిగా వస్తుందో నాకు తెలుసు. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
ఆండ్రెయ్